మీకు తెలుసా? బండి వయసు ప్లేటు మీదే ఉంది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పాత కారు నంబరులోని మొదటి నాలుగు అక్షరాలూ అంకెలూ చూస్తే అది ఏ కాలంలో రోడ్డెక్కిందో చెప్పొచ్చు. ఏపీ 15 అయితే తెలంగాణ రాకముందు, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రిజిస్టరైన బండి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు టీఎస్ 21, సిరిసిల్లకు టీఎస్ 23 వచ్చాయి. కోరుట్ల బండ్లదీ 21యే. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ.

ఈ లెక్క తప్పేది ఒక్క చోట, కొనేవాళ్లు మోసపోయేదీ అక్కడే. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించిన కారుకు కొత్త నంబరు వస్తుంది. పదేళ్ల కారుకూ టీజీ ప్లేటే ఉంటుంది. బయానా ఇచ్చే ముందు ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం చూసుకోండి.