ట్రాక్టరు గొర్రు: విత్తుటకు ముందు చేసికొనవలసిన సన్నాహము

వాన వెలిసి నేల పదునెక్కిన నాడు రైతునకు నిలువ తీఱిక యుండదు. ఎఱ్ఱ చల్క నేలలలో ఆ పదును ఎక్కువ దినములు నిలువదు. ఆనాడే సీడ్ డ్రిల్లును కొట్టమునుండి బయటికి లాగి, తుప్పు రాల్చి, చేతికందిన మేకునే పిన్నుగా గ్రుచ్చి, పొలమునకు తఱలువారిని మేము ఏటేట చూచుచున్నాము. సాళ్లలో నడుచునప్పుడు మాత్రమే ఈ యంత్రమువలన అపాయమని పలువురు తలంతురు. తగిలించునప్పుడును, ఎత్తి బాగుచేయునప్పుడును, బాటపై కొనిపోవునప్పుడును అపాయము తక్కువ కాదు. కావున కార్తె రాకమునుపే ఒక పూట ఇందులకై కేటాయింపవలెనని మా కోరిక.

మల్కాజ్‌గిరి యనిన నేడు ఇండ్లును, రైలుపట్టాలునే కన్నులకు కట్టును. 2007లో అది మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. అయినను 2016లో ఆ పేరుతో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో శామీర్‌పేట, కీసర ప్రాంతముల యందు సేద్యము చేయు కుటుంబములు ఇంకను గలవు. ఇచటి రైతునకు ఒక సౌకర్యమును, ఒక చిక్కును గలవు. విడిభాగములు కావలసిన సికింద్రాబాదు రాణీగంజి బజారు చేరువనే యున్నది. గాని ఒక చేనినుండి మఱియొక చేనికి పోవలెనన్న లారీలు పరుగిడు రాజీవ్ రహదారి వంటి బాటల నెక్కవలసి వచ్చును.

మన పెద్దలు వాడిన ఎద్దుల గొర్రునకు ఇంత భయము లేదు. వెనుక నడచువారు జడ్డిగములో గింజలు విడుచుచుండిరి. ఏదైన తగులుకొన్నచో కేక వేసిన ఎద్దులు నిలుచును. ట్రాక్టరునకు కేక వినబడదు. గొర్రు వెంట నడచిన అలవాటు చొప్పున నేడు ఒక కుఱ్ఱవానిని డ్రిల్లుపై నిలువబెట్టి గొట్టములను చూడుమనుట కొన్ని చోట్ల గలదు. ఇది కూడని పని. చేను ఎగుడుదిగుడైన చోట వాడు జాఱిన కఱ్ఱుల క్రిందనో, చక్రము క్రిందనో పడును. గొట్టములను మడి చివర, బండి నిలిపి చూచుకొనవచ్చును.

డ్రిల్లును చదునైన తావున నుంచి తగిలింపవలెను. ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా రెంటి నడుమ ఎవ్వరును నిలువరాదు. బ్రేకు వేసి, ఇంజను ఆర్పి, అటుపిమ్మట ముందుగా ఎడమవైపు క్రింది లింకును, తరువాత కుడివైపుదానిని, చివరకు టాప్ లింకును తగిలింపవలెను. కుడిదానిని ఎత్తుటకు దించుటకు మఱ యుండును గనుక ఈ వరుస సులువు. తీయునప్పుడు టాప్ లింకుతో మొదలుపెట్టి వెనుకనుండి రావలెను. ప్రతి పిన్నునకును దాని కొలతకు సరిపడు క్లిప్పు ఉండవలెను. చైనులు బిగించిన డ్రిల్లు ప్రక్కలకు ఊగదు. పెట్టె నిండుగ నుండి డ్రిల్లును పైకెత్తినచో ముందు చక్రములు తేలికపడి స్టీరింగు లొంగదు. అందుచే గింజలు, ఎరువు చేనిలోనే నింపుట మేలు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. హైడ్రాలిక్ లిఫ్టు ఎత్తిన బరువును నూనె ఒత్తిడి పట్టియుంచును, ఇనుప కడ్డీ గాదు. ఒక సీలు చెడినను, గొట్టము పగిలినను, ఎవరి చేయియైన లివరునకు తగిలినను డ్రిల్లంతయు క్షణములో క్రిందికి దిగును. కఱ్ఱులో ఇఱుకుకొన్న మట్టిపెల్లను తీయుటకై ఎత్తిన డ్రిల్లు క్రింద చేయి పెట్టువాడు ఆ సీలునే నమ్ముకొన్నట్లు. క్రిందికి దించియే పని చేయవలెను. ఎత్తక తప్పనిచో చట్రము క్రింద గట్టి దుంగలు పెట్టి, బరువును వానిపైకి దింపి, ఇంజను ఆర్పి, తాళపుచెవి జేబులో వేసికొన్న తరువాతనే చేయి పెట్టవలెను. ఇటుకలు పనికిరావు, పగులును.

గొట్టములలో కందిరీగల గూళ్లు, నిరుటి గింజలు, ఎరువు పెట్టెలో గడ్డకట్టిన డి.ఎ.పి. ఉండును; వానిని తొలగింపుడు. చైనునకు మూత లేనిచో చేయించుకొనుడు. వదులు పంచెకొంగు, మెడలోని తువ్వాలు, చీర చెఱగు చైను దరికి రారాదు.

విత్తు మోతాదు సరిచూచుకొనుట ఇప్పుడే తగును. 6 సాళ్ల డ్రిల్లు, సాలునకు సాలునకు 30 సెం.మీ. ఎడము అనుకొందము, వెడల్పు 1.8 మీటర్లు. చక్రమునకు త్రాడు చుట్టి కొలువగా 1.5 మీటర్లు వచ్చినచో, 30 చుట్లకు 45 మీటర్లు. అది 81 చదరపు మీటర్లు, అనగా ఎకరములో ఇంచుమించు 50వ వంతు. దుంగలపై నిలిపిన డ్రిల్లు చక్రమును చేతితో 30 సార్లు త్రిప్పి, గొట్టముల క్రింద సంచులు కట్టి గింజలు పట్టుడు. ఎకరమునకు 27 కిలోల శనగలు వేయ నెంచినచో మొత్తము 540 గ్రాములు, ఒక్కొక్క గొట్టమున 90 గ్రాములు రావలెను. ఒక గొట్టమున తక్కువ వచ్చిన ఆ లోపము మొలక వచ్చినదాక తెలియదు, తెలిసిన నాటికి పదును పోవును. చేనిలో చక్రము కొంత జాఱును. కావున అచటను 45 మీటర్లు నడిపి చుట్లు లెక్కించుడు.

మందు పట్టించిన గింజలను వట్టి చేతులతో కలుపరాదు, వంట గిన్నెలతో ఎత్తరాదు. మిగిలినవి కోళ్లకు వేయరాదు. గింజలు తాకిన చేతులు సబ్బుతో కడుగనిదే సద్ది విప్పరాదు.

చేనిలో కఱ్ఱులు నేలలో నుండగా మలుపుటయు, వెనుకకు నడుపుటయు తగదు. మట్టి ఎక్కి గొట్టములు మూసికొనును. బాట నెక్కినప్పుడు పెట్టె ఖాళీగా నుండవలెను, లిఫ్టునకు గొళ్లెము వేయవలెను. డ్రిల్లు ట్రాక్టరుకంటె వెడల్పు గనుక రెండు చివరలను ఎఱ్ఱని మెఱుపు పట్టీలు అంటింపుడు. చీకటి పడిన తరువాత బాట నెక్కకుండుటయే మేలు.

సహకార సంఘమునుండి అద్దెకు తీసికొన్నవారు తిరిగి అప్పగించునప్పుడు ఎరువు పెట్టె కడిగి, ఆరబెట్టి, పిన్నులను చట్రమునకు గొలుసుతో కట్టి ఈయవలెను. వంగిన కఱ్ఱు, సాగిన చైను, కాఱు నూనె ఉన్నచో గుమాస్తాతో చెప్పి పుస్తకములో వ్రాయింపుడు. మఱునాటి ఉదయము దానిని కొనిపోవు సభ్యుడు చేయి పెట్టకముందే అది చదువుకొనును.