గుర్రం పగ్గం ఎవరి చేతికి వచ్చింది?



హోసూరు పక్కన మత్తిగిరిలో ఉన్న ప్రభుత్వ పశువుల ఫారం మీలో చాలామంది చూసే ఉంటారు. 1824లో దాన్ని మొదలుపెట్టింది ఆవుల కోసం కాదు, సైన్యానికి కావలసిన గుర్రాల కోసం. తరువాతి కాలంలో ఆస్ట్రేలియా గుర్రాలు ఓడల్లో మద్రాసు రేవుకు చేరి, అక్కడి నుంచి హోసూరుకు వచ్చేవి. న్యూ సౌత్ వేల్స్ పేరు మీద వాటిని వేలర్ గుర్రాలు అనేవారు.

గుర్రం సముద్రం దాటి రావడం మన దేశానికి కొత్త కాదు. విజయనగర రాజులు అరబ్బు, పారశీక గుర్రాలను పడమటి రేవుల్లో కొనేవారు. గుర్రాలు తెచ్చే విదేశీ వర్తకులను ఆదరించి దగ్గర చేసుకోవాలని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు. ఎందుకంటే మేలుజాతి గుర్రాలకు దక్షిణాది వాతావరణం, మేత సరిపడలేదు. ఇక్కడ గుర్రాలకు వండిన అన్నం, మాంసం పెడతారని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో రాశాడు. అంత ఖరీదైన జంతువు రాజుల దగ్గర, సైన్యం దగ్గర ఉండిపోయింది. రైతు ఇంట మడక లాగిందీ, బండి లాగిందీ ఎద్దే. యుద్ధంలో ఫిరంగులు లాగడానికి కూడా ఎద్దులే కావలసి వచ్చాయి.

మరి గుర్రం సామాన్యుల చేతికి వస్తే ఏమవుతుంది? దానికి జవాబు అమెరికాలో ఉంది. మన చేలల్లోని టమాటా, మిరప అక్కడి నుంచి వచ్చినవే. ఆ ఓడల కాలంలోనే గుర్రం అటు వెళ్లింది.

నిజానికి గుర్రపు జాతి పుట్టిన నేల అదే. కానీ సుమారు 10 వేల ఏళ్ల కిందట అక్కడ అంతరించిపోయింది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో మళ్లీ ఆ ఒడ్డున దిగింది. 1519లో కోర్టెజ్ 16 గుర్రాలతో మెక్సికో మీదికి వెళ్లాడు. గుర్రం తమ చేతిలోనే ఉండాలని స్పెయిన్ వాళ్లు చూశారు. అది సాగలేదు. పచ్చిక మైదానాల్లో గుర్రాలు బాగా పెరిగి, చేతులు మారుతూ ఉత్తరానికి పాకాయి. 1680లో ప్యూబ్లో ప్రజలు తిరగబడిన తరువాతే ఇది జరిగిందని చాలాకాలం అనుకునేవారు. 17వ శతాబ్దం మొదటి సగంలోనే జరిగిందని పాత ఎముకల మీద చేసిన పరిశోధన 2023లో తేల్చింది.

అంతకుముందు ఆ మైదానాల్లో సామాను లాగింది కుక్కలు. అందుకే క్రీ భాషలో గుర్రానికి 'పెద్ద కుక్క' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కాలినడకన అడవిదున్నలను తరిమినవారు ఇప్పుడు గుర్రమెక్కి వేటాడారు. గుడారాలు పెద్దవయ్యాయి, ప్రయాణాలు దూరమయ్యాయి. గుర్రాల మందే ఆస్తి అయింది. దానితోపాటే ఉన్నవారు లేనివారనే తేడా, తెగల మధ్య పోరు కూడా పెరిగాయి.

బతుకంతా గుర్రం మీద నిలిచిన తరువాత దాన్ని పోగొట్టుకుంటే? 1874లో టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయలో అమెరికా సైన్యం కొమాంచీలు, వారి తోటి తెగల గుర్రాలను పట్టుకుని, వెయ్యికి పైగా కాల్చి చంపింది. మరుసటి ఏడాదికల్లా కొమాంచీలు లొంగిపోయారు.

మన దగ్గర గుర్రం పోతే సైన్యం బలహీనపడేది, రైతు మడక ఆగేది కాదు. అక్కడ గుర్రం పోతే ఇంటి పొయ్యి ఆగింది. ఒక జంతువు ఏ దేశం నుంచి వచ్చిందన్నది సగం కథే. దాని పగ్గం ఎవరి చేతికి వచ్చిందన్నది మిగతా సగం.