అంతరాత్మకు న్యాయస్థానంలో పరీక్ష: ముహమ్మద్ అలీ వ్యాజ్యం

ముష్టియుద్ధంలో మూడు పర్యాయాలు ప్రపంచ హెవీ వెయిట్ విజేతగా నిలిచిన ముహమ్మద్ అలీ (1942–2016) పేరు వినని ముస్లిం గృహం అరుదు. వియత్నాం యుద్ధంలో పాల్గొనడానికి ఆయన నిరాకరించిన సంగతి కూడా అందరికీ తెలిసినదే. అయితే 1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆయన శిక్షను రద్దు చేసినప్పుడు ఏమి నిర్ణయించింది, దేనిని నిర్ణయించకుండా వదలివేసింది అనే విషయంలో మాత్రం మన ప్రసంగాలలో తరచు పొరపాటు దొర్లుతున్నది. జిహాద్‌ను గురించి ఆయన చెప్పిన మాటను కోర్టు ఆమోదించిందని కొందరు భావిస్తారు. వాస్తవం అది కాదు.

కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో కాసియస్ మార్సెలస్ క్లేగా పుట్టిన ఈ యువకుడు 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకం పొందాడు. 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ వెంటనే తాను ఎలైజా ముహమ్మద్ నాయకత్వంలోని ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ సంస్థకు చెందినవాడినని ప్రకటించి, కొత్త పేరు స్వీకరించాడు. ఆ సంవత్సరమే రాత పరీక్షలో తగిన మార్కులు రానందున సైనిక సేవకు అనర్హుడని తేలింది. 1966లో ప్రమాణాలు సడలించి ఆయనను అర్హుల జాబితాలో చేర్చారు. మతవిశ్వాసం కారణంగా తనను మినహాయించాలని ఆయన దరఖాస్తు పెట్టుకొన్నాడు.

అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి మినహాయింపుకు మూడు షరతులున్నాయి. దరఖాస్తుదారు ఏ రూపంలోని యుద్ధాన్నయినా వ్యతిరేకించేవాడై ఉండాలి. ఆ వ్యతిరేకతకు మతశిక్షణ, మతవిశ్వాసం ఆధారం కావాలి. ఆ విశ్వాసంలో చిత్తశుద్ధి ఉండాలి. అలీ సాక్ష్యాన్ని విన్న విశ్రాంత న్యాయమూర్తి లారెన్స్ గ్రామన్ ఆయనది నిజమైన విశ్వాసమేనని తేల్చి, మినహాయింపు ఇవ్వవచ్చునని సిఫారసు చేశారు. కాని న్యాయశాఖ అందుకు విరుద్ధంగా, మూడు షరతులలో ఒక్కటి కూడా నెరవేరలేదని అప్పీలు బోర్డుకు సలహా ఇచ్చింది. బోర్డు కారణమేమీ చెప్పకుండానే దరఖాస్తును తోసిపుచ్చింది.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిచినప్పుడు అలీ ముందుకు అడుగు వేయలేదు. కోర్టు విచారణ ఇంకా మొదలు కాకమునుపే న్యూయార్క్ క్రీడాధికారులు ఆయన లైసెన్సు నిలిపివేశారు. బిరుదు కూడా పోయింది. జూన్ 20న 5 సంవత్సరాల ఖైదు, 10,000 డాలర్ల జరిమానా విధించబడినవి. అప్పీలు కారణంగా జైలుకు వెళ్ళలేదుగాని, 1967 మార్చి నుండి 1970 అక్టోబరు వరకు, అనగా 25వ ఏట నుండి 28వ ఏట వరకు, ఒక్క పోటీలో కూడా పాల్గొనలేకపోయాడు. ముష్టియోధునికి అవి తిరిగి రాని సంవత్సరాలు. మరొక విషయం గమనార్హం. 1969లో ఎలైజా ముహమ్మద్ కూడా ఆయనను సంస్థ నుండి తాత్కాలికంగా వెలివేశాడు. అయినప్పటికీ ఆయన తన నిరాకరణను ఉపసంహరించుకోలేదు.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. యుద్ధం ఏ పరిస్థితిలోనూ కూడదని ముస్లిం చెప్పలేడు. దాడి చేసినవారితో పోరాడుటకు అనుమతినిస్తూనే హద్దు మీరరాదని దివ్యఖుర్ఆన్ (బఖరా సూరా, 190వ ఆయతు) ఆదేశిస్తున్నది. అలీ కూడా అల్లాహ్ ఆజ్ఞాపించిన పోరాటం తప్ప మరే యుద్ధమూ తనకు తగదన్నాడు. దీనిని బట్టి ఆయన వ్యతిరేకించేది కొన్ని యుద్ధాలనే అని ప్రభుత్వం వాదించింది. ఒక ప్రత్యేక యుద్ధాన్ని మాత్రమే అన్యాయమని నిరాకరించేవారికి మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 1971 మార్చి 8న వేరొక వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అదే రోజు రాత్రి అలీ జో ఫ్రేజియర్ చేతిలో తన తొలి పరాజయాన్ని చవిచూశాడు. ఆ వ్యాజ్యంలో ఓడినవారిలో న్యాయయుద్ధానికి, అన్యాయయుద్ధానికి తేడా పాటించే ఒక కేథలిక్ క్రైస్తవుడు కూడా ఉన్నాడు. ఇంకొక వైపు, దైవరాజ్య రక్షణకు పోరాడతామనే ‘యెహోవా సాక్షుల’ వర్గానికి చెందిన ఒకరి పక్షాన 1955లో తీర్పు వచ్చి ఉన్నది. అలీని ఈ రెండింటిలో ఏ కోవలో చేర్చాలి?

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు. విశ్వాసానికి మతమే ఆధారమనీ, అందులో చిత్తశుద్ధి ఉన్నదనీ ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకొన్నది. అంటే న్యాయశాఖ బోర్డుకు ఇచ్చిన సలహాలో రెండు అంశాలు తప్పని తేలాయి. బోర్డు కారణం చెప్పలేదు గనుక, ఆ తప్పు సలహాపైనే ఆధారపడి ఉండవచ్చును. ఈ కారణంగా ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా శిక్షను కొట్టివేశారు. తొమ్మిదవవారైన థర్‌గుడ్ మార్షల్ విచారణలో పాల్గొనలేదు. జిహాద్ ప్రస్తావన జస్టిస్ డగ్లస్ విడిగా వ్రాసిన అభిప్రాయంలో వచ్చింది. అలీ దృష్టి మనస్సాక్షికి సంబంధించినదని ఆయన అలీ పక్షానే మాట్లాడారు. కాని జిహాద్ అంటే అవిశ్వాసులపై విశ్వాసుల యుద్ధమని ఆయన ఇచ్చిన అర్థం అసంపూర్ణమైనది. జిహాద్ అనగా దైవమార్గంలో సర్వవిధాల కృషి. ఆయుధ పోరాటం అందులో షరతులతో కూడిన ఒక భాగం మాత్రమే.

నేషన్ ఆఫ్ ఇస్లాం బోధనలు ఇస్లామీయ అఖీదాకు విరుద్ధమైనవని కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఫర్ద్ అనే వ్యక్తిని దైవావతారంగాను, ఎలైజాను దైవప్రవక్తగాను నమ్మడం తౌహీద్‌కు, అంతిమ దైవదౌత్యానికి పొసగదు. 1975లో ఎలైజా మరణించగా, ఆయన కుమారుడు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ సమాజాన్ని సున్నీ ఇస్లాం వైపు నడిపించారు. అలీ ఆయన వెంట నడిచాడు. అలీలో లోపాలు లేకపోలేదు. ఫ్రేజియర్‌ను అవమానకరంగా దూషించాడు. తనకు మార్గం చూపిన మాల్కం ఎక్స్‌కు ముఖం చాటువేశాడు. ఆ పనికి ఎంతగానో చింతిస్తున్నానని 2004లో తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు.

కనుక ఈ వ్యాజ్యం నుండి మనం ఇస్లాంకు కోర్టు ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని వెదకనక్కరలేదు. అక్కడ గెలిచినది చట్టపరమైన ఒక సూక్ష్మం. గెలుస్తాననే హామీ ఏదీ లేకుండానే ఒక మనిషి నాలుగేళ్ళకు పైగా తన మాటపై నిలబడ్డాడన్నది మాత్రం ఏ తీర్పుతోనూ నిమిత్తం లేని నిజం. స్వయంగా తమకు నష్టం కలిగినా న్యాయంపై నిలబడవలసిందిగా నిసా సూరా 135వ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తున్నది. తీర్పు ఎటు వచ్చినా ఆ ఆదేశం మారదు. అల్లాహ్ ఆయన పొరపాట్లను మన్నించి, కరుణించుగాక!