తెలుగు ముస్లిముల యింటి పలుకు

తెలుగు వాఙ్మయమునకు ముస్లిము రచయితలు క్రొత్తవారు గారు. పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి (1885–1945) పద్యకావ్యములును నాటకములును రచించుటయేగాక ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెనిగించెను. అయితే ఇట్టివారిని మెచ్చునపుడు, సాహెబై యుండియు నెంత చక్కని తెలుగు వ్రాసెనని యనుట మనకు పరిపాటి. ఆ సాహెబు తన యింట నెట్లు మాటాడునో వినవలెనని యెవరికిని తోపలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ రచించిన ‘పుట్టుమచ్చ’ ఈ మర్యాదను భంగపరచినది. ఈ నేలనే పుట్టినను తన్ను అనుమానము పుట్టుమచ్చవలె నంటియున్నదని ఆ దీర్ఘకవిత మొరపెట్టినది. మరుసటి యేట, డిసెంబరు 6వ తేదీన, అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చబడినది. ఆ పిమ్మట ఇట్టి కంఠములు పెక్కులు వినవచ్చినవి. స్కైబాబ సంపాదకత్వమున 1998లో ‘జల్‌జలా’ కవితలును, 2004లో ‘వతన్’ కథలును వెలువడినవి.

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ మరియొక తీరువి. అందు మొరయు లేదు, వాదమును లేదు. బీదయింటి బాలుడొకడు నెల్లూరిసీమ పలుకుబడిలో తనవారి ముచ్చటలు చెప్పుకొనుచు పోవును. పాఠకుడు నవ్వును, నవ్వుచునే ఆ యింటి లేమిని గుర్తించును.

ఈ రచనలలో కొన్నిట అమ్మీ, దాదీ, ఆపా యను పిలుపులు తెలుగు వాక్యముననే యిమిడి వచ్చును. ఇది భాషాసాంకర్యమని కొందరి యాక్షేపణ. మన భూముల కాగితములను విప్పి చూతము: కౌలు, కిస్తు, రశీదు, దస్తావేజు, జమాబందీ. ఇవి యేనాటి అచ్చతెనుగులు? రైతను మాటయే అరబ్బీ పుట్టుకది. పన్ను కట్టుటకు పనికివచ్చిన పలుకులు తల్లిని పిలుచుటకు పనికిరాకపోవునా?

మరి దూదేకులవారి చిక్కు వేరు. వారిలో పెక్కుమంది యింటి భాష తెలుగే. ఉర్దూ రాదని మసీదు వాకిట చిన్నచూపు, తురకలని ఊరిలో వేరుచూపు. వారి కథలను వారే వ్రాసికొనుటకు పూనుకొనుట ఈ సాహిత్యములో మిక్కిలి యాశాజనకమైన భాగము.

మొహర్రమునాడు పీర్ల నెత్తుకొని నడచువారిలో హిందువులును పెక్కుండ్రు. అయినను పీర్లచావడి ప్రక్కయింటి తల్లి బిడ్డ నేమని లాలించునో ఆ యూరివారికే తెలియదు. తెలిసికొనగోరువారు దర్గామిట్ట కథలతో మొదలిడవచ్చును.