కారు కింద ఆయిల్ చుక్కలు ఎందుకు పడతాయి?

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్ల ముందు నేల నల్లగా, జిడ్డుగా ఉంటుంది, చూశారా? అది ఇంజిన్ ఆయిల్. లోపల ఉండాల్సింది బయటికెలా వచ్చింది?

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది. పాత ఆయిల్ దించడానికి దానికో కన్నం, ఆ కన్నానికో బోల్టు. ఆ బోల్టే డ్రెయిన్ ప్లగ్. ఎంత బిగించినా రెండు లోహాల మధ్య కంటికి కనిపించని సందులు మిగులుతాయి. అందుకే చాలా కార్లలో రాగి లేదా అల్యూమినియం వాషర్ వేస్తారు, కుక్కర్ మూతకు గ్యాస్కెట్ వేసినట్టు. మెత్తటి లోహం కదా, బిగించగానే నలిగి సందుల్ని పూడ్చేస్తుంది. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ అంత బాగా ఒదగదు. దాన్నే మళ్లీ వాడితే కారడం మొదలవ్వొచ్చు. వేడికి ఆయిల్ పలచబడితే ఇంకా సులువుగా జారుతుంది.

మరి ఎలా ఆపుతారు? ఇంజిన్ కాస్త చల్లారాక మెకానిక్ ఆయిల్‌ను గిన్నెలోకి దించుతాడు. కన్నం అంచు శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేసి, బోల్టును ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానర్‌తో బిగిస్తాడు. బలమంతా పెట్టి బిగిస్తే తొట్టి మరలు చెడి, ఖర్చు పెరుగుతుంది. ఆయిల్ మళ్లీ నింపి, ఇంజిన్ కాసేపు నడిపి, చుక్క పడుతోందేమో చూస్తాడు.

దించిన ఆయిల్‌ను మాత్రం మురుగుకాల్వలో పోయకూడదు. అది బందరు కాల్వలో కలిస్తే చేపలకూ పొలాలకూ చేటే!