కాలి సిరలోకి దిగిన వేడి

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి రాశుల దగ్గర వలుపు కార్మికుడి పనంతా నిలబడే. నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి, మెలిపెట్టి, పీచు ఊడదీసి పక్కకు విసరడం. పొద్దున్న మొదలైతే రోజంతా అదే. వాళ్లలో కొందరి పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బిన సిరలు కనిపిస్తాయి. బురదలో వంగి నాట్లు వేసే ఆడవాళ్లకూ, హోటల్ వంటవాళ్లకూ, బడి పంతుళ్లకూ అంతే. వంశంలో ఉండటం, కాన్పులు, పైబడే వయసు ఈ వెరికోస్ వెయిన్స్‌కు దారితీస్తే, గంటల తరబడి నిలబడే పని దాన్ని ముదరబెడుతుంది.

కాలి రక్తం గుండెకు చేరాలంటే పైకి ఎక్కాలి. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడిస్తే పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, పీడనం మూడోవంతుకు దిగుతుంది. తోసిన రక్తం వెనక్కి జారకుండా సిరల్లో పల్చటి కవాటాలున్నాయి. కోనసీమ రైతుకు ఈ ఏర్పాటు కొత్త కాదు. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట తలుపులుంటాయి. పొలాల నీరు తోస్తే తెరుచుకుంటాయి, సముద్రం పోటెక్కితే మూసుకుంటాయి. అవి తుప్పుపట్టి ఊడిపోతే ఉప్పునీరు ఎగదన్ని చేను చౌడుబారుతుంది. కవాటం చెడిన కాలిలోనూ అదే జరుగుతుంది. రక్తం కిందికి దిగి నిలిచిపోతుంది. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి, దురదపెట్టి, చివరికి పుండు పడుతుంది.

ఆ పుండే ఈ వ్యాసం రాయించింది. గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు గుర్తొచ్చేది బోదకాలు. దానికి కారణమూ ఉంది. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఆ జబ్బు ఇక్కడ తరతరాలుగా ఉంది, రాజమండ్రిలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రమే వెలిసింది. కానీ అది శోషరస నాళాల జబ్బు, ఇది సిరల జబ్బు. మందు వేరు, చికిత్స వేరు. ఏళ్ల తరబడి కట్లు కట్టించుకుంటూ, పసర్లు పూసుకుంటూ, షుగర్ పుండేమోనని భయపడుతూ గడిపేవాళ్లున్నారు. పుండుకు పైనున్న సిరను మాత్రం ఎవరూ పరీక్షించి ఉండరు.

సిరను సరిచేసే ప్రయత్నం చాలా పాతది. రోమన్ సేనాని మారియస్ తనను కట్టేయకుండానే ఒక కాలికి కోత పెట్టించుకున్నాడనీ, అంత నొప్పికి తగిన ఫలితం కాదంటూ రెండో కాలు ఇవ్వలేదనీ ప్లూటార్క్ రాశాడు. 1890 ప్రాంతంలో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ తొడలోని పెద్ద సిరను ముడివేసి రక్తం వెనక్కి రాకుండా ఆపాడు. 1907లో అమెరికాలో బాబ్‌కాక్ సిర లోపలికి తీగ దూర్చి, కొనకు సిరను కట్టి, మొత్తంగా లాగేసే పద్ధతి చెప్పాడు. స్ట్రిప్పింగ్ అనే ఆ పద్ధతే దాదాపు వందేళ్లు రాజ్యమేలింది. గజ్జల్లో కోత, వెన్నుకు మత్తు, తొడ పొడవునా నల్లగా కమిలిన చర్మం, ఒక్కోసారి పిక్క పక్కన తిమ్మిరి. జబ్బు తగ్గేది, నిజమే. కానీ రోజుకూలీ మీద బతికే మనిషి వారాల తరబడి ఇంట్లో కూర్చుంటే ఇల్లు గడిచేదెట్లా?

సిరను పీకకుండా ఉన్నచోటనే కాల్చి మూసెయ్యాలని 1960లలోనే కొందరు విద్యుత్తుతో ప్రయత్నించారు. చర్మం కాలింది, పక్కనున్న నాడులు దెబ్బతిన్నాయి. వేడి పుట్టించడం వాళ్లకు తెలుసు. అది ఎక్కడ తగులుతోందో చూసే దారీ, పక్కకు పాకకుండా ఆపే ఉపాయమూ లేవు. ఈ రెండూ వేరే చోట్ల నుంచి వచ్చాయి. ఇప్పుడు సిరను లోపలి నుంచే వేడితో మూసే యంత్రం కథలో, నా దృష్టిలో అసలు ఘట్టం ఇదే.

చూసే దారి డ్యూప్లెక్స్ అల్ట్రాసౌండ్. 1970లలో సియాటిల్‌లో స్ట్రాండ్‌నెస్ బృందం దీన్ని తీర్చిదిద్దింది. నాళం ఆకారాన్నీ, అందులో రక్తం ఎటు పోతోందో కూడా ఇది తెరమీద చూపిస్తుంది. రెండోది ఉప్పునీళ్ల మత్తు. కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో కొవ్వు తీసే ఆపరేషన్ కోసం సెలైన్‌లో పల్చగా కలిపిన మత్తుమందును చర్మం కింద నింపే పద్ధతిని ప్రకటించాడు. సిర చుట్టూ అదే నీరు నింపితే నొప్పి తెలియదు, సిర నొక్కుకుపోయి వేడి మూలానికి అంటుకుంటుంది, చర్మానికీ నాడులకూ వేడి తగలదు.

ఇక యంత్రం రావడం ఆలస్యం కాలేదు. రేడియో తరంగాలతో వేడెక్కే వీనస్ క్లోజర్ కాథెటర్‌కు 1999లో అమెరికా అనుమతి దొరికింది. అది 85 డిగ్రీల వేడితో నెమ్మదిగా వెనక్కి లాగాల్సిన పరికరం. తర్వాత వచ్చిన రూపంలో 7 సెంటీమీటర్ల కొన 120 డిగ్రీలకు వేడెక్కి, ఒక్కో ముక్కను 20 సెకన్లలో మూసేస్తుంది. అదే 1999లో స్పెయిన్ వైద్యుడు కార్లోస్ బోనే లేజర్ వాడకాన్ని వివరించాడు. 2001లో న్యూయార్క్ వైద్యులు నవారో, మిన్ ఆయనతో కలిసి 810 నానోమీటర్ల లేజర్ ఫలితాలు ప్రచురించారు. ఆ కాంతిని ప్రధానంగా రక్తమే పీల్చుకునేది. రక్తం మరిగి, అక్కడక్కడ సిర గోడ చిల్లుపడి కాలు కమిలేది. తర్వాత వచ్చిన 1470 నానోమీటర్ల కాంతిని సిర గోడలోని నీరు పీల్చుకుంటుంది కాబట్టి తక్కువ శక్తితో పని జరుగుతుంది, నొప్పీ తగ్గింది.

ఇప్పుడు ఆపరేషన్ గదిలో జరిగేది ఇది. ముందు మనిషిని నిలబెట్టి స్కాన్ చేసి, చెడిన సిర దారిని చర్మం మీద పెన్నుతో గీస్తారు. పడుకోబెట్టి, మోకాలి దగ్గర సూదితో సిరలోకి మిల్లీమీటరు కన్నా సన్నని గాజు పోగును ఎక్కిస్తారు. కొన గజ్జల్లోని సిరల కూడలికి సుమారు 2 సెంటీమీటర్లు ఇవతల ఆగిందని తెరమీద చూసుకుంటారు. దీపాలు తగ్గిస్తే పోగు కొన దగ్గర దారి చూపే ఎర్రటి చుక్క చర్మంలోంచి కనిపిస్తుంది. చుట్టూ నీరు నింపి, లేజర్ వెలిగించి, పోగును మెల్లగా వెనక్కి లాగుతారు. చుక్క తొడ మీదుగా కిందికి జారుతూ వస్తుంది. కట్టు కట్టగానే రోగి లేచి నడవాలి. నడకే పిక్కకు పని, గడ్డలు కట్టకుండా రక్షణ.

సిర మూసేస్తే రక్తం ఎటు పోతుందని అందరూ అడుగుతారు. కాలి రక్తంలో సుమారు 90 శాతం లోతు సిరల్లోనే వెళ్తుంది. చెడిన పైసిర పైకి పంపేది పోయి కిందికి వదులుతోంది కాబట్టి దాన్ని మూయడమే మేలు. అయితే లోతు సిరలే గడ్డకట్టి మూసుకుపోయిన వాళ్లకు ఇది చేస్తే ముప్పు కావచ్చు. చికిత్స తర్వాత కొందరిలో తిమ్మిరి ఉంటుంది, అరుదుగా గడ్డ కడుతుంది, కొన్నేళ్లకు వేరే సిర ఉబ్బవచ్చు. సాలెగూడులాంటి సన్నటి ఎర్రగీతలకు మాత్రం ఈ ఖర్చు అక్కర్లేదు. లేజర్ అన్న బోర్డు చూసి పరుగెత్తవద్దు.

పుండు విషయంలో సాక్ష్యం గట్టిది. బ్రిటన్‌లో 450 మంది మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, కట్లతో పాటు వెంటనే సిరను మూసిన వాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ముందు కట్లతోనే సరిపెట్టిన వాళ్లకు 82 రోజులు పట్టింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2013 నుంచే వేడి చికిత్సను కోత కన్నా ముందు వరసలో పెట్టాయి.

మీ ఇంట్లోగానీ, మీ చేలో పనికి వచ్చేవాళ్లలోగానీ మోకాలి కింద పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, మరో పూత మందు కొనేముందు కాలి సిరల డాప్లర్ (డ్యూప్లెక్స్) స్కాన్ చేయించండి. దానికి హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు. నిలబెట్టి చూడమని అడగండి, రిపోర్టు తీసుకుని వాస్కులర్ సర్జన్‌కు చూపించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుంటే ఏ చికిత్స దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలో ముందే అడగండి.