కళ్ళు పొడారిపోతుంటే ఏ చుక్కలు వేసుకోవాలి?

కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర. పొద్దున్నే రెప్పలు విప్పబోతే అతుక్కుపోయినట్టుంటుంది. సాయంత్రమయ్యేసరికి మంట, బరువు. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతాయి. రెండుసార్లు రెప్పలార్పితే మళ్ళీ తేటపడతాయి. ఈ బాధలతో మా కంటి విభాగానికి ఇదివరకు ఎక్కువగా యాభై దాటిన స్త్రీలు వచ్చేవారు. ఇప్పుడు పాతికేళ్ళ కుర్రవాళ్ళు కూడా వస్తున్నారు. చాలామంది చేతిసంచిలో అప్పటికే రెండు మూడు రకాల చుక్కల సీసాలుంటాయి. "డాక్టరుగారూ, వీటిల్లో ఏది మంచిది?" అని అడుగుతారు.

ఒక కంపెనీ పేరు చెప్పి పంపించేస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. మీ కన్ను ఎందుకు పొడారింది, రోజుకు ఎన్నిసార్లు చుక్కలు కావలసివస్తోంది అనే రెండు సంగతుల్ని బట్టి మందు ఎంచుకోవాలి. సీసా మీద పెద్ద అక్షరాలతో వుండే పేరు కంటే చిన్న అక్షరాలతో వుండే వివరాలే మీకు ముఖ్యం.

కన్నీటిలో ఏముంది?

కన్నీరు అంటే ఉత్త ఉప్పునీరు అనుకుంటాం. నిజానికి కంటి మీద పరుచుకుని వుండే ఆ పల్చటి తడిలో మూడు పదార్థాలున్నాయి. కంటిని అంటిపెట్టుకుని జిగురు వుంటుంది. దాని మీద నీరు. ఆ నీరు ఆవిరైపోకుండా అన్నిటికంటే పైన సన్నని నూనెపొర. ఈ నూనె రెప్పల అంచుల్లో వుండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప ఆర్పినప్పుడల్లా ఈ మూడూ కంటి మీద కొత్తగా పరుచుకుంటాయి.

నీరు తక్కువగా వూరినా కన్ను పొడారుతుంది. నీరు బాగానే వూరినా నూనె చాలక త్వరగా ఆవిరైపోయినా పొడారుతుంది. ఎక్కువమందిలో కనిపించేది ఈ రెండో రకమే. కొందరిలో రెండూ కలిసివుంటాయి.

"నా కళ్ళు పొడారాయంటారేమిటి? రోజంతా నీళ్ళు కారుతుంటేనూ!" అని ఆశ్చర్యపోయేవారున్నారు. కన్ను పొడారి మంట పుట్టగానే, దుమ్ము పడినప్పటిలాగే, నీళ్ళు ఒక్కసారిగా వూరతాయి. ఆ నీటిలో జిగురు, నూనె చాలినంత వుండవు కనుక అది కంటి మీద నిలవకుండా చెంపల మీదికి జారిపోతుంది. కన్ను మళ్ళీ పొడిగానే మిగులుతుంది.

కారణం మీ ఇంట్లోనే వుండవచ్చు

మామూలుగా మనం నిమిషానికి 15 సార్ల దాకా రెప్పలార్పుతాం. కంప్యూటరు, సెల్‌ఫోను చూస్తున్నప్పుడు అది సగానికి సగం, ఒక్కొక్కప్పుడు అంతకంటే కూడా తగ్గిపోతుంది. ఏసీ గదిలో పని, ముఖం మీదికి తిరిగే ఫ్యాను, స్కూటరు మీద ఎదురుగాలి, పొగ - ఇవన్నీ తోడవుతాయి. వయసు, స్త్రీలలో ముట్లు ఆగిపోవటం, కాంటాక్టు లెన్సులు, కంటి ఆపరేషన్లు కూడా కారణాలే. జలుబుకీ దురదకీ వేసుకునే సిట్రజిన్ వంటి బిళ్ళలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కళ్ళను పొడారుస్తాయి. మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. అలాగని మీ అంతట మీరు వాటిని మానేయకూడదు.

కంట్లో నీరు తక్కువగా వూరుతోందా అన్నది తేల్చటానికి షిర్మర్ పరీక్ష వుంది. కింది రెప్ప లోపల చిన్న కాగితం ముక్క తగిలించి అయిదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు. కంట్లో రంగుచుక్క వేసి, రెప్ప ఆర్పకుండా వుంచితే తడి ఎన్ని సెకన్లలో చెదురుతుందో చూడటం ఇంకో పరీక్ష. పది సెకన్లలోపే చెదిరితే తడి నిలవటం లేదన్నమాట. ఈ రెండూ నొప్పిలేనివి, పది నిమిషాల్లో అయిపోయేవి.

చుక్కల్లో రకాలు

మందుల షాపుల్లో దొరికే కృత్రిమ కన్నీటి చుక్కలు పేర్లకు ఎన్నో వున్నా, లోపలి పదార్థాలు కొద్దిరకాలే.

పల్చటి చుక్కలు: కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం, హైప్రోమెల్లోజ్ 0.3 శాతం, పాలీవినైల్ ఆల్కహాల్ 1.4 శాతం వంటివి. వేసుకోగానే హాయిగా వుంటుంది, చూపు మసకబారదు, కాని త్వరగా జారిపోతాయి. బాధ కొద్దిగా వున్నవారు వీటితో మొదలుపెట్టవచ్చు.

కాస్త చిక్కనివి: కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 1 శాతం, సోడియం హయాలురోనేట్, పాలీఎథిలీన్ గ్లైకాల్ - ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపినవి. వీటి తడి కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది.

నూనె కలిసినవి: రెప్పల గ్రంథుల నూనె చాలనివారికి ఇవి మేలు. చూడటానికి పాలలాగా తెల్లగా వుంటాయి.

జెల్, ఆయింట్‌మెంటు: వీటితో చూపు మసకబారుతుంది కనుక పడుకోబోయే ముందే వేసుకోవాలి. నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడనివారికి ఇవి చాలా అవసరం. వేసుకుని బండి నడపవద్దు.

మరి వీటిలో ఖరీదైనది మంచిదా? ఈ చుక్కలను ఒకదానితో ఒకటి పోల్చిచూసిన 43 పరీక్షలను 2016లో కాక్రేన్ సంస్థ తరఫున సమీక్షించారు. చుక్కలతో ఉపశమనం వుండే మాట నిజమేగాని, చాలా రకాల మధ్య పెద్ద తేడా లేదని తేలింది. కనుక మీకు నప్పింది తక్కువ ధరదైతే సంతోషంగా అదే వాడండి. అయితే ఏ రకమైనా రెండు మూడు వారాలు క్రమంగా వేసి చూడాలి. రెండు రోజులు వేసి లాభం లేదని సీసా మార్చేవారికి ఏదీ పనిచేసినట్టు కనిపించదు.

ప్రిజర్వేటివ్ సంగతి మరవకండి

మూత తీసిన సీసాలో క్రిములు పెరగకుండా కలిపే రసాయనమే ప్రిజర్వేటివ్. వీటిలో తరచు కనిపించేది బెంజాల్కోనియం క్లోరైడ్. దీని గుణం సబ్బు లాంటిది. క్రిముల్ని చంపుతుంది, దాంతోపాటు కన్నీటి నూనెపొరను చెదరగొడుతుంది, కంటి పైపొరలోని కణాలను కూడా దెబ్బతీస్తుంది. రోజుకు రెండుసార్లు, కొద్దిరోజులు వేసుకునేవారికి ఇబ్బంది వుండకపోవచ్చు. కాని రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకోవలసినవారు, ఏళ్ళ తరబడి వాడేవారు, అప్పటికే గ్లాకోమా చుక్కలు వేసుకుంటున్నవారు ప్రిజర్వేటివ్ లేని చుక్కలే అడిగి తీసుకోవాలి. చుక్కలు వేసినకొద్దీ మంట పెరుగుతోందంటే ముందుగా ఈ రసాయనాన్నే అనుమానించండి.

ప్రిజర్వేటివ్ లేనివి రెండు విధాలుగా దొరుకుతాయి. ఒకటి, మూత తుంచి ఆ రోజే వాడి పారవేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. రెండవది, బయటి గాలి, క్రిములు లోపలికి పోకుండా ప్రత్యేకంగా తయారుచేసిన సీసాలు. ధర ఎక్కువే. అందుకని చిన్న గొట్టంలో మిగిలినదాన్ని మర్నాటికి దాచుకోవద్దు. 2022-23లో అమెరికాలో, క్రిములు చేరిన కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడిన సూడోమోనాస్ వ్యాధి 81 మందికి సోకింది. వారిలో 14 మంది చూపు కోల్పోయారు, నలుగురు మరణించారు. కనుక సీలు చెదిరిన సీసా, గడువు దాటిన సీసా, రంగు మారిన మందు తీసుకోవద్దు.

ఈ సీసాల జోలికి పోవద్దు

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడుంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ - సీసా మీద ఈ పేర్లలో ఏదైనా వుంటే అది స్టెరాయిడ్ మందు. చట్టప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. వేసిన రోజునే ఎరుపు, మంట మాయమవుతాయి కనుక ఇరుగుపొరుగువారు మెచ్చుకుని ఒకరికొకరు చెప్పుకుంటారు. నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా వస్తుంది. శుక్లం కూడా రావచ్చు. ఒత్తిడి పెరుగుతున్నట్టు నొప్పి కూడా తెలియదు. పక్కింటావిడ చెప్పిన సీసాను ఏడాదిపైగా వాడిన ఒక టీచరమ్మ మా దగ్గరికి వచ్చేసరికే ఒక కంటి చూపు అంచుల నుంచి కుదించుకుపోయింది. ఒత్తిడి తగ్గించగలిగాం. పోయిన చూపును మాత్రం తిరిగి తేలేకపోయాం. ఆమెకు అసలున్నది పొడారిన కన్ను. మామూలు చుక్కలతో సరిపోయేది.

కళ్ళ ఎరుపు తగ్గించే నాఫజొలిన్ చుక్కలు కూడా పొడికంటికి మందు కావు. రక్తనాళాలను కుదించి కన్ను తెల్లబడేట్టు చేస్తాయి, మానగానే ఎరుపు మునుపటికంటే ఎక్కువగా వస్తుంది. తేనె, చనుబాలు, ఆముదం, పన్నీరు, ఆకుపసర్లు కంట్లో పోయవద్దు. వాటిలోని క్రిములు నల్లగుడ్డు మీద పుండు వేయగలవు.

ఎలా వేసుకోవాలి?

చేతులు సబ్బుతో కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కిందికి లాగి, ఆ గుంటలో ఒక్క చుక్క వేయండి. సీసా కొన కంటికీ రెప్పకీ తగలకూడదు. నిమిషంపాటు మెల్లగా కళ్ళు మూసుకోండి. ఒక చుక్క సుమారు 40 మైక్రోలీటర్లుంటుంది. కన్ను పట్టివుంచగలిగేది 30 లోపే. కనుక రెండో చుక్క వేసినా చెంప మీదికే పోతుంది. వేరే చుక్కలు కూడా వుంటే మధ్యలో అయిదు పది నిమిషాలు ఆగండి. పల్చటివి ముందు, జెల్ తరువాత, ఆయింట్‌మెంటు చివర.

సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసుకోండి. మామూలు సీసాలను నెల దాటాక వాడకూడదు. 10 మిల్లీలీటర్ల సీసాలో 250 చుక్కలుంటాయి. రెండు కళ్ళకూ రోజుకు నాలుగుసార్లు వేస్తే నెలకు సరిపోతుంది. మీ సీసా మూడు నెలలు వస్తోందంటే మీరు సరిగా వేసుకోవటం లేదన్నమాట. ఒకరి సీసా ఇంకొకరు వాడవద్దు.

చుక్కలతోపాటు ఇవీ అవసరం

గోరువెచ్చటి నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ళ మీద రోజూ అయిదు పది నిమిషాలు వుంచి, తరువాత రెప్పల అంచులను మెల్లగా ఒత్తి శుభ్రం చేసుకోండి. రెప్పల్లో గడ్డకట్టిన నూనె కరుగుతుంది. రెప్ప లోపలి అంచున కాటుక పెడితే గ్రంథుల నోళ్ళు మూసుకుపోతాయి. తెర ముందు పనిచేసేవారు ఇరవై నిమిషాలకొకసారి దూరంగా చూసి, పదిసార్లు నిండుగా రెప్పలార్పండి. తెరను కంటి మట్టం కంటే కాస్త కిందికి పెట్టుకోండి. ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా మంచం జరుపుకోండి.

ఎవరు ఆలస్యం చేయకూడదు?

కంట్లో నొప్పి, వెలుతురు చూడలేకపోవటం, చూపు తగ్గటం, పసుపుపచ్చని పుసి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కళ్ళతోపాటు నోరు కూడా ఎండిపోతూ కీళ్ళనొప్పులుంటే అది షోగ్రెన్ వ్యాధి కావచ్చు, రక్తపరీక్షలు అవసరం. పిల్లల కళ్ళు పొడారి, రేచీకటి వుంటే ఎ విటమిన్ లోపాన్ని అనుమానించాలి. చుక్కలు వేస్తూ కూర్చోకూడదు. చుక్కలతో గుణం కనిపించనివారికి సైక్లోస్పోరిన్ వంటి మందులు, కన్నీరు బయటికి పోయే రంధ్రాన్ని మూసే చిన్న బిరడాలు వున్నాయి. అవి డాక్టరు చూసి నిర్ణయించవలసినవి.

ఈ పేజీ చదవటం పూర్తికాగానే మీ ఇంట్లో వున్న కంటి చుక్కల సీసాలన్నీ ఒకచోట పెట్టండి. వాటి మీది చిన్న అక్షరాలు చదవండి. అవసరమైతే పిల్లలచేత చదివించుకోండి. పైన చెప్పిన స్టెరాయిడ్ పేరు వున్న సీసా ఏదైనా డాక్టరు రాయకుండా చాలాకాలంగా వాడుతుంటే, ఈ వారంలోనే దగ్గరలోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికి ఆ సీసాతోపాటు వెళ్ళి కంటి ఒత్తిడి చూపించుకోండి.